రేపటికి గింజ లేనివాడు: ఉస్మాన్‌గంజ్‌లో ఆదాయమూ ధర్మమూ

ఒక మనిషికి వచ్చే ఆదాయంలో అతనిది ఎంత, అతని చేతికి అందినా అతనిది కానిది ఎంత అనే ప్రశ్న హిందూ ధర్మశాస్త్రాల్లోనూ ఇస్లాం న్యాయశాస్త్రంలోనూ జైన గృహస్థుల ఆచార గ్రంథాల్లోనూ ఎంతో కాలంగా నలుగుతూ వస్తున్నదే. ఆర్థికవేత్తలు ఆదాయాన్ని కొలిచి, వరుసల్లో పేర్చి, సగటు తీసి చూపుతారు. ఆ పని అవసరమైనదే గాని, అది ముగిసిన చోట మరొక విచారణ మొదలుకావలసి ఉంటుంది. ఆ మొత్తం ఎవరెవరి శ్రమ వల్ల పుట్టింది, ఎవరి వాటా తీసిన తర్వాత మిగిలింది, మిగిలినదానిపై స్వత్వం, అంటే ఇది తనదని చెప్పుకునే హక్కు, ఎంతవరకు చెల్లుతుంది అనేవి ఆ విచారణలోని అంశాలు. మూసీకి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కూ బేగంబజారుకూ ఆనుకుని ఉన్న ఉస్మాన్‌గంజ్ వంటి టోకు బజారులో ఈ విచారణకు తగిన సామగ్రి దండిగా ఉంది. ఎందుకంటే అక్కడ గద్దె మీద కూర్చున్న సేటు, లెక్కలు రాసే గుమస్తా, బేరం కుదిర్చి కమీషను తీసుకునే అడ్తిదారు, బస్తా మోసే హమాలీ ఒకే దుకాణం గడప దగ్గర రోజంతా ఎదురుపడుతూ ఉంటారు, వారిలో ఒక్కొక్కరి మతమూ ఆదాయాన్ని తూచడానికి తనదైన కొలమానాన్ని ఎప్పుడో ఇచ్చి ఉంది.

ఆధునిక ప్రభుత్వాలు వాడే కొలమానం తలసరి ఆదాయం. ఒక ప్రాంతంలో ఏడాది పొడవునా పుట్టిన వస్తువుల, సేవల నికర విలువను ఆ ప్రాంత జనాభాతో భాగిస్తే వచ్చే అంకె ఇది. తెలంగాణలో 2022-23 నాటికి ఇది 3 లక్షల రూపాయలు దాటింది; జిల్లాల్లో చూస్తే, నగరాన్ని చుట్టుకుని ఉన్న ఐటీ శివార్లను కలుపుకున్న రంగారెడ్డి జిల్లా అన్నిటికన్నా ముందు నిలిచింది. అయితే జిల్లా లెక్కలో సంపద ఎక్కడ పుట్టిందో అక్కడి ఖాతాలోనే పడుతుంది గాని, దాన్ని ఇంటికి పట్టుకుపోయేవారు ఎక్కడ ఉంటారన్నది ఆ లెక్కకు పట్టదు. అద్దాల మేడలో జీతం తీసుకునే ఇంజనీరునూ, ఆ మేడ వాకిట రాత్రి కాపలా కాసే మనిషినీ, పక్క గ్రామంలో పొలం పోగొట్టుకున్న రైతునూ ఒకే భాగహారంలో వేసి తీసిన అంకె ముగ్గురిలో ఏ ఒక్కరి ఆదాయమూ కాదు. శివారు సంపన్నమైందన్న మాట నిజమే కావచ్చు, కాని శివారులో ఉండే మనిషి గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

ఉస్మాన్‌గంజ్ కూడా ఒకప్పుడు ఊరి వెలుపలిదే. 1591లో మూసీకి దక్షిణాన వెలసిన నగరం ఆ తరువాత ప్రాకారం లోపల ఒదిగి ఉండగా, నది ఉత్తరపు ఒడ్డున వర్తకుల పేటలు పెరిగాయి. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలంలో అఫ్జల్‌గంజ్ ఏర్పడింది. గంజ్ అంటే ధాన్యమూ దినుసులూ టోకున అమ్మే బజారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఆ ఒడ్డును తుడిచిపెట్టిన కొద్ది ఏళ్లకే, 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఉస్మాన్‌గంజ్‌కు వచ్చింది. 1937 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. అంటే వీపు మీద బస్తాతో రోజుకూలి సంపాదించే మనిషి నిలబడి ఉన్న వీధికి, వ్యక్తిగత సంపదలో భూమి మీదే మొదటివాడని పేరుపడిన మనిషి పేరు ఉంది.

ఆయన ఆదాయం ఎలా వచ్చేదో చూస్తే స్వత్వం గురించిన ప్రశ్న మరింత పదునెక్కుతుంది. హైదరాబాద్ రాజ్యంలో దివానీ భూముల శిస్తు ప్రభుత్వ ఖజానాకు పోయేది. సర్ఫ్-ఎ-ఖాస్ అనబడే భూముల శిస్తు నిజాం సొంత ఖర్చులకు, సొంత ఖజానాకు చేరేది. రాజధానిని చుట్టుకుని ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ రెండో తరగతిలోనిది. ఒక శివారు జిల్లా మొత్తం శిస్తు ఒక్క మనిషి వ్యక్తిగత ఆదాయంగా జమ అయిందన్న మాట. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసిపోయింది, నిజాంకు ఏటా 50 లక్షల రాజభరణం ఏర్పాటయింది, 1971లో దేశమంతటా రాజభరణాలే రద్దయ్యాయి. అత్రాఫ్-ఎ-బల్దా నేలలు చాలావరకు తరువాతి హైదరాబాద్ జిల్లాలోకి, 1978లో దాని నుంచి విడిపోయిన రంగారెడ్డి జిల్లాలోకి చేరాయి. ఒకనాడు ఒక్కడి పేర పడిన శివారు సంపదను నేడు అందరి పేరా సగటుగా రాస్తున్నారు. రెండు లెక్కల్లోనూ ఆ నేల దున్నినవాడు విడిగా కనబడడు. నిజాం తన బట్టల విషయంలోనూ తిండి విషయంలోనూ ఎంతో పొదుపరి అని చెప్పే కథలు హైదరాబాద్‌లో అనేకం ఉన్నాయి, వాటిని ఆయన సుగుణంగానే చెప్పుకుంటారు. కాని తక్కువ ఖర్చుపెట్టడం ఒక సంగతి, తన దగ్గర చేరినది తనదేనా అన్నది మరొక సంగతి. మొదటిదానితో రెండోదానికి జవాబు దొరకదు.

ఇక రెండో కొసన ఉన్న మనిషి. హమాలీకి నెల జీతం ఉండదు, బస్తాకు ఇంత అని రేటు ఉంటుంది. గోనెసంచి ఒక మూలను లోపలికి మడిచి తలమీదుగా వీపు మీదికి వేసుకుని, లారీ మీది మనిషి అంచుకు జరిపిన బస్తాను నడుము వంచి మెడకూ భుజాలకూ మధ్య ఆనించుకుని, ఒక చేతి కొక్కెంతో దాని మూతిని పట్టి, అడుగు తడబడకుండా గోదాములో వరుస మీద వరుసగా పేర్చి రావాలి. సరుకు మిరపకాయ అయితే ఘాటుకు కళ్లు మండుతాయి, బెల్లమైతే జిగట చెమటతో కలుస్తుంది. లారీ రాని రోజు కూలి లేదు, నడుము పట్టేసిన రోజూ కూలి లేదు. తెలుగు ప్రాంతాల్లో ఈ పని చేసేవారు తరచు ముఠాగా, అంటే ఒక మేస్త్రీ కింద జట్టుగా, పనిచేసి వచ్చిన మొత్తాన్ని పంచుకుంటారు. జట్టులో వయసు మళ్లినవాడు నాలుగు బస్తాలు తక్కువ మోసినా వాటా సమంగానే పడే ముఠాలో, ఆదాయం మొదట ఉమ్మడిగా పుట్టి ఆ తర్వాతే వ్యక్తిగతమవుతుంది. ఒకరి సంపాదన ఇంకొకరి వీపు మీద ఆధారపడి ఉందన్న సత్యాన్ని బజారులో దాచకుండా ఒప్పుకునే లెక్క ఇదొక్కటే కావచ్చు.

మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థుడైన బ్రాహ్మణుణ్ణి అతని ఇంట్లో ఉన్న ధాన్యాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించింది. కొట్టు నిండా ధాన్యమున్నవాడు కుసూలధాన్యకుడు. కుండలో ఇమిడేంత ఉన్నవాడు కుంభీధాన్యకుడు. మూడు రోజులకు సరిపడేంత ఉన్నవాడు త్ర్యహైహికుడు. రేపటికి గింజ లేనివాడు అశ్వస్తనికుడు. కొట్టు నిండా అంటే మూడేళ్లకు సరిపడే ధాన్యమని కొందరు వ్యాఖ్యాతలు, పన్నెండు రోజులకేనని మరికొందరు చెప్పారు, ఆ వాదం ఇక్కడ అక్కరలేదు. ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ నలుగురిలో ముందువాడికన్నా వెనుకవాడే శ్రేష్ఠుడని, పరలోకాలను జయించే యోగ్యత అశ్వస్తనికుడికే అందరికన్నా ఎక్కువని స్మృతి చెప్పింది. లోకం ఆదాయాన్ని బట్టి మర్యాద చేస్తుంటే, శాస్త్రం ఆ నిచ్చెనను తలకిందులు చేసి నిలబెట్టింది.

అయితే ఈ శ్రేష్ఠత్వం హమాలీకి వర్తిస్తుందా? సాయంత్రం కూలి డబ్బుతో బియ్యం కొనుక్కుని పోయి మర్నాటికి మళ్లీ కూలి వెతుక్కునేవాడు అక్షరాలా అశ్వస్తనికుడే, కాని అతణ్ణి ఏ శాస్త్రమూ పూజించమనలేదు, ఏ సేటూ అతని ముందు లేచి నిలబడడు. తేడా ఎంపికలో ఉంది. కూడబెట్టగలిగి, దాన్ని వద్దనుకున్నవాడి లేమి తపస్సు; కూడబెట్టే వీలే లేనివాడి లేమి అతని మీద మోపిన బరువు. బైటినుంచి చూస్తే రెండిళ్లలోనూ కుండ ఖాళీయే. ఈ రెండిటినీ ఒకటిగా చూపి పేదవాడి సంతృప్తిని పొగిడే ప్రవచనాలు మన నేలమీద చాలాకాలంగా సాగుతున్నాయి, అవి శాస్త్రానికీ అన్యాయమే, ఆ పేదవాడికీ అన్యాయమే. త్యాగం చేయడానికి ముందు త్యాగం చేయదగ్గది ఒకటి చేతిలో ఉండాలి. అది దక్కనివ్వకుండా వైరాగ్యాన్ని బోధించడం బోధకుడి చేతులకు అంటిన దోషం.

ధర్మశాస్త్రాలు ఆ మనిషి వాటా గురించి పట్టించుకోలేదని కూడా అనలేం. కూలి ముందుగా నిర్ణయించుకోకుండా పని చేయించుకుంటే, వర్తకంలోనైనా పశువుల్లోనైనా పంటలోనైనా వచ్చినదానిలో పదో వంతు పనివాడికి ఇప్పించాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ ఇదే పదోవంతు నియమం ఉంది. ఆ స్మృతికి మితాక్షర అనే ప్రసిద్ధ వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు, తరువాతి కాలంలో హైదరాబాద్ రాజ్యంలో భాగమైన కల్యాణి పట్టణంలో చాళుక్యుల ఆస్థానంలో ఉన్నవాడు. పదమూడో శతాబ్దంలో కేతన ఆ వ్యాఖ్యను ఆధారం చేసుకుని విజ్ఞానేశ్వరీయము పేరుతో తెలుగులో న్యాయశాస్త్రం చెప్పాడు. అంటే ఈ ఆలోచన గంజ్‌కు పరాయిది కాదు, తెలుగువారికి వారి భాషలోనే ఏడు వందల ఏళ్లకు పైగా అందుబాటులో ఉన్నది. పదోవంతు అనే అంకె నేటికి పనికిరాకపోవచ్చు, పైగా కూలి ముందే మాట్లాడుకున్న చోట ఆ నియమం వర్తించదు. కాని దాని వెనుక ఉన్న భావన గట్టిది: మాట లేని చోట పనివాడు యజమాని దయకు వదిలేయబడడు, సరుకులోనే అతనికి వాటా ఉందని న్యాయం ఊహిస్తుంది.

బేగంబజారులోనూ ఉస్మాన్‌గంజ్‌లోనూ తరాలుగా వ్యాపారం చేస్తున్న మార్వాడీ కుటుంబాల్లో జైనులూ ఉన్నారు. జైన గృహస్థుడికి విధించిన అయిదు అణువ్రతాల్లో, అంటే సన్న్యాసుల మహావ్రతాలకు చిన్న రూపాలైన నియమాల్లో, అయిదోది పరిగ్రహ పరిమాణం: పొలం, ఇల్లు, వెండి, బంగారం, ధనం, ధాన్యం వంటివి ఎంతవరకు ఉంచుకోవాలో తనకు తానే హద్దు పెట్టుకుని ఆ హద్దు దాటకుండా ఉండటం. ఆదాయపు పై అంచును ప్రభుత్వం కాక మనిషే గీసుకోవాలన్న ఈ ఊహ అరుదైనది. ఐతే అంతకన్నా సూటిగా గోదాము గుమ్మంలోకి వచ్చేది మొదటి అణువ్రతమైన అహింస. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం ఆ వ్రతానికి అయిదు అతిచారాలను, అంటే వ్రతం పూర్తిగా చెడకపోయినా దానికి మచ్చ తెచ్చే పనులను, లెక్కపెట్టింది: కట్టివేయడం, కొట్టడం, అవయవం కోయడం, మితిమీరిన బరువు ఎత్తడం, తిండీ నీళ్లూ అందకుండా చేయడం. అతిభారారోపణం అనే ఆ నాలుగో మాటను వ్యాఖ్యాతలు ఎద్దుల విషయంలో ఎంత చెప్పారో మనుషుల విషయంలోనూ అంతే చెప్పారు. వంద కిలోల బస్తా మామూలుగా ఉన్న కాలాన్ని గంజ్‌లోని పెద్దవయసు హమాలీలు చూశారు. పెద్దవాడైన మగమనిషి చేత 55 కిలోలకు మించి మోయించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. సూత్రకారుడు ఆ సంగతిని హింసకు సంబంధించిన విషయంగా వందల ఏళ్లకు ముందే గుర్తించాడు. చీమను తొక్కకుండా నడిచే నిష్ఠకూ బస్తా బరువుకూ సంబంధం ఉందని గుర్తుచేసే గురువులు ఎక్కువమంది ఉంటే బాగుండును.

ఇస్లాం పెట్టిన కొలత వేరు. జకాత్ అనేది విధిగా చెల్లించవలసిన దానం. అది వచ్చిన ఆదాయం మీద కాక, నిలిచిన సంపద మీద పడుతుంది. నిసాబ్ అనే కనీస హద్దు, అంటే ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువ, దాటిన సంపద ఒక చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటే, అందులో నూటికి రెండున్నర వంతు ఇవ్వాలి. దుకాణం భవనం మీద, కాంటా మీద జకాత్ లేదు. అమ్మకానికి పెట్టిన సరుకు మీద ఉంది. అప్పులు తీసివేయాలి. ఇవ్వవలసినవాడు ఎవరు, పుచ్చుకోదగినవాడు ఎవరు అన్నది ఇక్కడ జీతం అంకెతో తేలదు. ఎంత వచ్చినా ఏమీ నిలవనివాడు పుచ్చుకోదగినవాడు, కొంచెమే వచ్చినా నిసాబ్ మేరకు నిలుపుకున్నవాడు ఇవ్వవలసినవాడు. వెండి ధర బంగారం ధరకన్నా బాగా వెనుకబడినందువల్ల వెండి లెక్కతో చూస్తే చిన్న సంపాదనపరులు కూడా ఇచ్చేవారి వరుసలోకి వస్తారు. నెల జీతాలు మామూలైపోయిన ఇరవయ్యో శతాబ్దంలో ఇస్లామీయ పండితుడు యూసుఫ్ అల్ ఖరదావీ తన ఫిఖ్ అల్ జకాత్ గ్రంథంలో, ఏడాది నిండే దాకా ఆగకుండా జీతం చేతికి అందినప్పుడే జకాత్ పడాలని వాదించాడు: వానను నమ్ముకున్న చిన్న రైతు పంట ఇంటికి రాగానే ఇస్తుంటే, పెద్ద జీతగాడు ఏడాదిలోపు అంతా ఖర్చుచేసి తప్పించుకోవడం న్యాయమా అన్నది అతని ప్రశ్న. చాలామంది ఉలేమాలు, అంటే మతపండితులు, దీన్ని ఒప్పుకోలేదు, సంప్రదాయం ప్రకారం వారి పట్టు బలమైనదే. అయినా ప్రశ్నలోని న్యాయం తోసిపుచ్చదగ్గది కాదు.

ఈ చర్చలో హైదరాబాద్‌కు తనదైన స్థానం ఉంది. 1908లో ఈ నగరంలో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన ముహమ్మద్ హమీదుల్లా, 1936లో ఇక్కడి నుంచి వెలువడే ఇస్లామిక్ కల్చర్ పత్రికలో మౌలికమైన ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారాన్ని గురించి రాస్తూ శ్రామికుడి స్థానాన్ని చర్చకు పెట్టాడు. ఆయన దానం నుంచి కాక శ్రమ నుంచి మొదలుపెట్టడం గమనించదగ్గది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త బోధ జకాత్ లెక్కకు ముందటి దశకు చెందినది. ఇవ్వవలసిన కూలి యజమాని మీద అప్పు, అప్పు తీసివేయకుండా ఏది తన సంపదో తేలదు. సిక్కు మతం కూడా కష్టపడి సంపాదించడాన్ని ముందు చెప్పి, పంచుకు తినడాన్ని దాని పక్కనే చెప్పింది.

గంజ్‌లలో దానం ఏ దారిన పుట్టిందో చూస్తే ఈ క్రమం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. భారతదేశంలోని టోకు బజార్లలో ధర్మాదా అనే వసూలు చాలాకాలం నడిచింది: సరుకు బిల్లులో కమీషను, తరుగు, హమాలీ వంటి పద్దుల పక్కన ధర్మం పేరుతో కొంత సొమ్ము రాసి, దాన్ని గోశాలకో సత్రానికో గుడికో వర్తకుడు అందజేసేవాడు. సొమ్ము రైతుది లేదా కొనుగోలుదారుది, బిల్లు రాసినవాడు వర్తకుడు, శిలాఫలకం మీద పేరూ వర్తకుడిదే. పుణ్యం ఎవరిది? 1970ల చివర బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు, ఇలా వసూలైన ధర్మాదా సొమ్ము మొదటి నుంచీ ధర్మకార్యాలకే కేటాయించినది కాబట్టి వర్తకుడి ఆదాయం కాదని తేల్చింది. పన్ను చట్టం దృష్టిలో వచ్చిన ఆ తీర్పులో ధర్మశాస్త్రానికి పనికొచ్చే తర్కం ఉంది: చేతిలో పడినంత మాత్రాన సొమ్ము ఆదాయం కాదు, అది ఎవరి కోసం చేతిలో పడిందన్నదే ప్రధానం. తనది కాని సొమ్మును ఇచ్చినవాడు సొమ్మును చేరవేసినవాడు అవుతాడు గాని దాత కాలేడు. ఇదే తర్కాన్ని ఒక అడుగు ముందుకు తీసుకుపోతే, న్యాయమైన కూలిలో తగ్గించి మిగిల్చిన భాగం కూడా వర్తకుడి చేతిలో ఉన్న పరాయి సొమ్మే. దానితో కట్టిన సత్రంలో ఆ హమాలీకే అన్నం పెట్టినా అది దానం కింద జమ కాదు, బాకీలో కొంత తీరినట్టు అవుతుంది. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన గృహస్థ ధర్మం ఇంకా కఠినమైనది: కడుపు నిండేంతవరకే దేహికి స్వత్వం, అంతకు మించినదాన్ని తనదనుకునేవాడు దొంగ. ఈ కొలతకు ఎవరూ నిలబడలేరు, వర్తకుడే కాదు, వ్యాఖ్యానించే పండితుడూ నిలబడలేడు. కాని ఎక్కడ నిలబడాలో చెప్పకుండా ఎంత దూరం జారామో తెలిసే వీలు లేదు.

వర్తకుడి వైపు నుంచీ ఒక వాదన ఉంది, దాన్ని వినకపోవడం అన్యాయం. సరుకు మీద పెట్టుబడి అతనిది, అరువిచ్చిన చిల్లర దుకాణదారు ఎగవేస్తే నష్టం అతనిది, ధర పడిపోతే గోదాములో సరుకుతో పాటు అతని నిద్రా పోతుంది. హమాలీ రేటు ఇద్దరూ ఒప్పుకున్నదే గాని బలవంతం లేదు. హమాలీ సంఘమూ వర్తకుల సంఘమూ కూర్చుని బస్తాకు ఇంత అని తేల్చుకున్నప్పుడు ఫకీహ్ అయినా, అంటే ఇస్లామీయ న్యాయవేత్త అయినా, స్మృతికారుడైనా ఆ ఒప్పందాన్ని చెల్లదనడు. ఈ వాదనలో బలహీనమైన చోటు ఒప్పుకోలు అన్న మాటే. కొట్టు నిండా ధాన్యమున్నవాడు బేరం కుదరకపోతే నెల్లాళ్లు ఆగగలడు; రేపటికి గింజ లేనివాడు ఒక్క రోజు కూడా ఆగలేడు. కుసూలధాన్యకుడూ అశ్వస్తనికుడూ ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్న మాటలో ఇద్దరి అంగీకారానికీ ఒకే విలువ ఉందనడం కష్టం. మహారాష్ట్ర 1969లో మాథాడీ కార్మికుల చట్టం తెచ్చి, వర్తకుడికీ మోతగాడికీ నడుమ ఒక బోర్డును నిలిపి, కూలీ భవిష్యనిధీ సెలవు జీతమూ దాని ద్వారా అందేట్టు చేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం 1976లో ఒక చట్టం చేసింది. ఇటువంటి ఏర్పాటు సాగిన చోట, నడుము పట్టేసిన రోజున కూడా హమాలీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, బేరం నచ్చనప్పుడు కొక్కెం కింద పెట్టి కొన్నాళ్లు ఆగే ఓపిక అతనికి వస్తుంది. అప్పుడు అతను సరేనన్న రేటును ఒప్పుకోలు అని ధర్మశాస్త్రం కూడా రాసుకోవచ్చు.